గమలీయేలు పరీక్ష : హారీ ఎమర్సన్ ఫాస్డిక్ జీవితము

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అమెరికా దేశపు క్రైస్తవ ప్రసంగకులలో హారీ ఎమర్సన్ ఫాస్డిక్ అగ్రగణ్యుడు. ఆదివారము ఉదయమున ఆయన ప్రసంగము వినగోరి న్యూయార్కు నగరమున జనులు చర్చి వాకిట బారులు తీరి నిలుచుండెడివారు. బైబిలులోని ప్రతి యక్షరమును ప్రమాణముగా నెంచు మౌలికవాదులకు ఆయన ప్రధాన ప్రత్యర్థి. ఆధునిక విజ్ఞానముతో మతమును సమన్వయింపగోరిన ఉదారవాదులకు ఆయన నాయకుడు. ఈ రెండు పక్షములలో ఏది నిలుచును, ఏది క్షీణించును అను ప్రశ్నను 1922లో ప్రసంగ వేదికపై నుండి అడిగినవాడు ఆయనయే. ఆ ప్రశ్నకు కాలము చెప్పిన సమాధానము ఇరు పక్షముల వారికిని ఆలోచింపదగినది.

ఫాస్డిక్ 1878 మే 24వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని బఫెలో నగరమున జన్మించెను. తండ్రి ఉపాధ్యాయుడు. కుటుంబము బాప్టిస్టు శాఖకు చెందినది. ఇంటిలో మతము దయాపూరితముగనే యుండెను గాని, ఆనాటి ప్రసంగకులు వర్ణించు నరకాగ్ని ఆ సున్నితహృదయుడైన బాలుని వెంటాడెను. నరకభయముతో రాత్రులందు ఏడ్చిన సంగతిని ఆయన వార్ధక్యమున కూడ మరువలేదు. కోల్గేటు కళాశాలలో చేరిన పిమ్మట శాస్త్రగ్రంథములు చదివి, చిన్ననాటి విశ్వాసములను ఒక్కొక్కటిగా విడనాడెను. మతమునే పూర్తిగా విడుచునో యనిపించిన తరుణమున, విలియం న్యూటన్ క్లార్కు అను వేదాంతాచార్యుడు ఆయనకు దారి చూపెను. దైవానుభవము శాశ్వతమైనది, దానిని చెప్పు భాష మాత్రము యుగముతో పాటు మారును అను భావము ఆనాడు ఆయన మనసున నాటుకొని, జీవితాంతము వరకు నిలిచెను.

1901లో న్యూయార్కులోని యూనియన్ వేదాంత కళాశాలలో చేరిన కొలది కాలమునకే ఆయన తీవ్రమైన మానసిక వ్యాధికి లోనయ్యెను. నిద్ర కరవయ్యెను. ఆత్మహత్యకు సిద్ధపడునంతటి దుస్థితి కలిగెను. కొన్ని మాసములు చికిత్సాలయమున గడిపి కోలుకొనెను. ఆ చీకటి దినములలో వాదములేవియు తనను ఆదుకొనలేదనియు, ప్రార్థనయే నిలబెట్టినదనియు ఆయన గ్రహించెను. 1915లో వెలువడి లక్షల మంది చదివిన ఆయన ప్రార్థనా గ్రంథము ఆ యనుభవము నుండి పుట్టినదే. ఫాస్డిక్ ఉదారవాదము కేవలము బుద్ధివాదము కాకపోవుటకు కారణము ఇచ్చటనే కలదు.

1904 నుండి 1915 వరకు ఆయన న్యూజెర్సీ రాష్ట్రములోని మాంట్‌క్లేర్ పట్టణమున బాప్టిస్టు సంఘమునకు కాపరిగా నుండెను. 1908లో తాను చదివిన యూనియన్ కళాశాలలోనే బోధకుడై, 1946 వరకు అందు కొనసాగెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఫ్రాన్సు దేశమునకు పోయి సైనికులకు ప్రసంగించెను. తిరిగివచ్చిన పిమ్మట న్యూయార్కులోని మొదటి ప్రెస్బిటేరియన్ చర్చి, ఆయన తమ శాఖవాడు కాకపోయినను, ప్రసంగ వేదికను ఆయన కప్పగించెను. కొలది కాలములోనే ఆ చర్చి క్రిక్కిరిసిపోయెను.

1921 వేసవిలో ఆయన చైనా, జపాను దేశములకు పోయి అచ్చటి మిషనరీల సభలలో ప్రసంగించెను. ఒకే దేవుని పేర దూరదేశమునకు వచ్చినవారు బైబిలు వ్యాఖ్యానము విషయమై రెండు శిబిరములుగా చీలి పోట్లాడుట చూచి ఖిన్నుడయ్యెను. అమెరికాలో బాప్టిస్టు, ప్రెస్బిటేరియన్ శాఖలలో కూడ ఉదారవాదులను వెలివేయు ప్రయత్నములు ఆరంభమైయుండెను. ఈ నేపథ్యముననే 1922 మే 21వ తేదీన ఆయన మౌలికవాదులు జయింతురా అను ప్రశ్నను శీర్షికగా గొని ప్రసంగించెను. యేసు కన్యాజననము, బైబిలు నిర్దోషత్వము, క్రీస్తు పునరాగమనము అను విషయములలో భిన్నాభిప్రాయములు గలవారికి ఒకే సంఘమున చోటుండవలెనని వాదించెను. అందుకు అపొస్తలుల కార్యములలోని గమలీయేలు వృత్తాంతమును ఆధారముగా గ్రహించెను. క్రొత్త బోధకులను శిక్షింపబూనిన యూదుల సభలో గమలీయేలు లేచి, ఈ కార్యము మానవ కల్పితమైనచో దానంతటదియే నశించుననియు, దైవసంకల్పమైనచో దాని నెవ్వరును ఆపజాలరనియు, కావున వారిని విడిచిపెట్టుడనియు హితవు చెప్పెను. ఫాస్డిక్ కోరినది ఆ యోర్పునే.

ఓర్పును వేడిన ఆ ప్రసంగము యుద్ధభేరియై వినిపించెను. ఐవీ లీ అను ప్రచార నిపుణుడు దానిని సుమారు 1,30,000 ప్రతులు అచ్చు వేయించి దేశమంతట పంచిపెట్టెను. ఫిలడెల్ఫియాలో క్లారెన్సు మెకార్ట్నీ అను ప్రెస్బిటేరియన్ పాదిరి, అవిశ్వాసము జయించునా అని ఎదురు ప్రశ్నతో ప్రత్యుత్తర ప్రసంగము చేసెను. 1923లో ఆ శాఖ మహాసభ ఐదు మూల విశ్వాసములను మరల ధ్రువపరచి, ఫాస్డిక్ వేదికపై జరుగు బోధను సరిచూడవలసినదిగా న్యూయార్కు వారిని ఆదేశించెను. మాజీ రాజ్యకార్యదర్శి విలియం జెన్నింగ్సు బ్రయన్ మౌలికవాదుల పక్షమున ముందు నిలిచెను. 1924లో మహాసభ ఒక మధ్యమార్గమును చూపెను. ఫాస్డిక్ ప్రెస్బిటేరియన్ శాఖలో చేరి, వారి విశ్వాస ప్రమాణము నంగీకరించినచో పదవిలో కొనసాగవచ్చును. ఆనాటి ఉదారవాదులు పెక్కుమంది అట్లే సంతకము చేసి, దాని కర్థమును తమ ఇష్టానుసారము చెప్పుకొనుచుండిరి. ఫాస్డిక్ మాత్రము అందు కొప్పుకొనలేదు. మనసున నమ్మని దానిపై సంతకము చేయుట కంటె వేదికను వదలుకొనుటయే మేలని యెంచి, 1925 మార్చి 1వ తేదీన తుది ప్రసంగము చేసి వెడలిపోయెను.

కోటీశ్వరుడైన జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ ఆయనను పార్కు అవెన్యూ బాప్టిస్టు చర్చికి ఆహ్వానించెను. ధనికుని ఆశ్రితుడను పేరు వచ్చునని ఫాస్డిక్ మొదట సంకోచించెను. ఏ శాఖకు చెందిన క్రైస్తవునినైనను మరల నీట ముంచు బాప్తిస్మము లేకయే చేర్చుకొనవలెననియు, విశ్వవిద్యాలయ సమీపమున పెద్ద మందిరము కట్టవలెననియు నియమములు పెట్టి అంగీకరించెను. హడ్సన్ నదీతీరమున 392 అడుగుల గోపురముతో లేచిన రివర్‌సైడ్ చర్చిలో 1930 అక్టోబరు 5వ తేదీన మొదటి ఆరాధన జరిగెను. దాని ద్వార శిల్పములలో ప్రవక్తలతో పాటు డార్విను, ఐన్‌స్టీను కూడ చోటు చేసికొనిరి. 1927 నుండి 1946 వరకు ఆయన ప్రసంగములు రేడియోలో దేశమంతట వినిపించెను.

ఆనాడు చూచినవారికి ఉదారవాదులే జయించిరని తోచియుండును. పరిణామవాద బోధను గూర్చి 1925లో టెనెసీ రాష్ట్రమున నడచిన స్కోప్సు వ్యాజ్యములో మౌలికవాదులు కోర్టున గెలిచియు పత్రికలలో నవ్వులపాలైరి. ఉదారవాదము వేరొక మతమేయని 1923లో గ్రంథము వ్రాసిన ప్రిన్సుటన్ పండితుడు గ్రెషం మేచన్ 1929లో ఆ కళాశాలను వీడి, 1936లో చిన్న శాఖ నొకదానిని స్థాపించి, 1937 జనవరి 1వ తేదీన మరణించెను. కాని పత్రికల కంటబడని చోట్ల మౌలికవాదులు బైబిలు పాఠశాలలు పెట్టుచు, రేడియో కాలమును డబ్బిచ్చి కొనుచు, క్రొత్త సంఘములు నెలకొల్పుచుండిరి.

తన పక్షములోని లోపమును ఫాస్డిక్ అందరికంటె ముందు గుర్తించెను. సంఘము ఆధునికవాదమును దాటి పోవలెనని 1935లో ఆయన చేసిన ప్రసంగము మిత్రులను విస్మయపరచెను. కాలమునకు తగినట్లు మతమును సర్దుట యందే శక్తి యంతయు వెచ్చించి, కాలమును ఎదిరించి నిలుచు బలమును ఉదారవాదులు కోలుపోయిరని ఆయన హెచ్చరించెను. ఆ నిలుకడను ఆయన స్వయముగా చూపెను. 1933లో యుద్ధమును త్రోసిపుచ్చి, రెండవ ప్రపంచయుద్ధకాలమున సైతము ఆ మాటను మార్చుకొనలేదు. 1946లో పదవీ విరమణ చేసి, 1956లో స్వీయచరిత్ర ప్రకటించి, 1969 అక్టోబరు 5వ తేదీన కన్నుమూసెను.

ఆయన చివరి యేండ్లలోనే లెక్కలు తిరుగబడెను. 1960ల మధ్యకాలమున ప్రధాన ప్రెస్బిటేరియన్ శాఖల సభ్యులు కలిసి 42 లక్షల ప్రాంతమున నుండిరి. నాటి నుండి ఆ సంఖ్య ఏటేట తగ్గెను. ఉత్తర దక్షిణ శాఖలు 1983లో ఒక్కటైనను క్షీణత ఆగలేదు. 2023 చివరకు మిగిలినవారు సుమారు 11 లక్షలు. మెథడిస్టు, ఎపిస్కోపల్ శాఖల గతియు ఇట్టిదే. సంప్రదాయనిష్ఠ గల దక్షిణ బాప్టిస్టులు మాత్రము పెరిగి 2006 నాటికి 1 కోటి 63 లక్షలైరి. 1972లో డీన్ కెల్లీ అను మెథడిస్టు పాదిరి ఈ పరిణామమునకు కారణము చెప్పబూని ఒక గ్రంథము వ్రాసెను. సభ్యుల నుండి కఠిన నియమమును, త్యాగమును కోరు సంఘము జీవితమునకు అర్థము నిచ్చును. ఏమియు కోరని సంఘము దేనిని ఈయజాలదు. ఇది ఆయన సిద్ధాంతసారము. 1935 నాటి ఫాస్డిక్ హెచ్చరికకు ఇది దూరమైనది కాదు.

అయినను సంఖ్యలు అంత సులభముగా తీర్పు చెప్పవు. 2001లో మైకేల్ హౌట్, ఆండ్రూ గ్రీలీ, మెలిసా వైల్డు అను పండితులు శాఖలవారి జనన వివరములను పరిశీలించిరి. సంప్రదాయ శాఖల స్త్రీలు చిరకాలము ఎక్కువ మంది బిడ్డలను, చిన్న వయసుననే కనుచుండుటయే ఈ మార్పులో సుమారు ముప్పాతిక వంతునకు కారణమని తేల్చిరి. అనగా వేదికల కంటె ఊయలలే ఎక్కువ పని చేసినవి. సిద్ధాంత నిష్ఠయే వృద్ధికి చాలినచో మేచన్ స్థాపించిన శాఖ మహావృక్షమై యుండవలెను. అది నేటికిని ముప్పది వేలకు కొంచెము మించిన చిన్న సంఘమే. దక్షిణ బాప్టిస్టులును 2006 తరువాత తగ్గనారంభించి, 2023 నాటికి 1 కోటి 30 లక్షలకు దిగువకు వచ్చిరి.

తెలుగువారికి తెలిసిన నిదర్శన మొకటి కలదు. ఫాస్డిక్ పుట్టిన 1878లోనే, ఆయన శాఖ వారి మిషను పక్షమున ఒంగోలులో పనిచేయుచుండిన జాన్ క్లౌ దొర ఆధ్వర్యమున, జూలై 3వ తేదీన వెలుంపిల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అంతకు ముందు ఘోరమైన కరవు. బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగమును గుత్తకు తీసికొని క్లౌ దొర వేలమందికి కూలి చూపెను. కూటి కొరకు మతము మారిరను మాట రాకుండుటకై కరవు కాలమున బాప్తిస్మములనే నిలిపివేసెను. మాదిగ పల్లెలలో బంధువు వెంట బంధువుగా జనులు కదలివచ్చిరి. అమెరికా పండితుల సిద్ధాంత కలహముతో ఆ జనప్రవాహమునకు సంబంధము లేదు. ఆకలి వేళ ఆదుకొన్న చేయి, అంటరానితనము నడుమ లభించిన మన్నన, కులబంధము అందులకు కారణములు.

గమలీయేలు పరీక్షను ఫాస్డిక్ ఓర్పు కొరకు ముందుంచెను. తరువాతివారు దానిని సభ్యుల పట్టికలతో జోడించి, పెరిగినదే సత్యమనియు తరిగినదే అసత్యమనియు చెప్పజూచిరి. పట్టికలలో జననములు చేరును, వలసలు చేరును, కరవులు చేరును. వానిలో సత్యమును వేరుచేసి చూపు గడి ఒక్కటియు లేదు. నిండిన మందిరమును సంతకమునకు బదులుగా అర్పింప నిరాకరించి 1925లో వెడలిపోయిన నాడు, ఫాస్డిక్ శ్రోతల సంఖ్యను చూచి నిర్ణయము చేయలేదు. ఆ పిమ్మట కట్టిన రివర్‌సైడ్ మందిరము నిండియున్న కాలముననే తన పక్షపు బలహీనతను ఎత్తి చూపెను. ఏ పక్షము జయించినదన్న వివాదము ఇంకను ముగియలేదు. నమ్మినదానికి మూల్యము చెల్లింపగలిగిన వారి వలననే ఏ పక్షమైనను గౌరవము పొందునని ఆయన జీవితము చాటుచున్నది.