దేవుడి మీద పందెం కాసిన లెక్కలాయన

పటాన్‌చెరులో మా వీధి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంటాను. ఆదివారం చర్చి నుంచి తిన్నగా వచ్చే పదో తరగతి అమ్మాయి ఒకతి, ప్రాబబిలిటీ పాఠం మధ్యలో అడిగింది, దేవుడున్నాడని లెక్కతో తేల్చొచ్చా టీచర్ అని. నాకు పాస్కల్ గుర్తొచ్చాడు.

1623లో ఫ్రాన్సులో పుట్టాడు. మూడేళ్లకే తల్లి పోయింది. పన్నుల లెక్కలతో తండ్రి అవస్థ పడుతుంటే పంతొమ్మిదేళ్లకే లెక్కల యంత్రం మొదలుపెట్టాడు. 1654లో, మధ్యలో ఆగిపోయిన జూదంలో డబ్బు ఎలా పంచాలన్న చిక్కు మీద ఫెర్మాతో ఉత్తరాలు నడిపాడు. మన ప్రాబబిలిటీకి పునాది అక్కడే పడింది. ఆ నవంబరు 23 రాత్రే ఏదో దైవానుభవం. అది రాసుకున్న కాగితం కోటు లోపల కుట్టుకున్నాడు. పోయాకే బయటపడింది.

తర్వాత ఆ జూదం లెక్కనే విశ్వాసానికి పెట్టాడు. దేవుడున్నాడో లేడో బుద్ధికి అందదు, అలాగని తప్పుకోడానికీ లేదు. నమ్మి ఓడితే పోయేది కొంచెం, గెలిస్తే వచ్చేది అనంతం. అవకాశం ఎంత చిన్నదైనా సరే, సున్నా కాకపోతే చాలు, అనంతంతో గుణిస్తే అనంతమే కదా! రుజువు కాదిది. లాభం చూసుకుని నమ్మడమేమిటని నాకిప్పటికీ కాస్త చివుక్కుమంటుంది.

అతని చెల్లెలు జాక్లిన్ 1652లో మఠంలో చేరింది. తన వాటా ఆస్తి మఠానికిస్తానంటే ఈ అన్నే అడ్డుపడ్డాడు. ఉన్నదంతా ముందు పందెం కాసింది ఆవిడే మరి! 1661లో ఆమె, మరుసటేడు 39 ఏళ్లకు అతను పోయారు. పందెం రాసిన కాగితాలు 1670లో అచ్చయ్యాయి.

అంతా విని, పందెం సంగతి వదిలేసి, చెల్లెలి వాటా ఇచ్చాడా లేదా అని అడిగింది అమ్మాయి.

ఇచ్చాడమ్మా, 1653లో.