ఓరుగల్లు బిడ్డ – ఢిల్లీ వజీరు

ఒక రాజ్యానికి రాజెవరని అడిగితే పేరు చెప్పడం సులభమే. ఆ రాజ్యాన్ని నిజంగా పాలించినది ఎవరని అడిగితే మాత్రం కొంత ఆలోచించవలసి వస్తుంది. రాజనీతిశాస్త్ర గ్రంథాలు ప్రభుత్వాలను రాచరికమని, శిష్టవర్గ పాలన అని, ప్రజాస్వామ్యమని విభజించి చూపుతాయి. కాని మరాఠా ఛత్రపతి సతారాలో కొలువుతీరి ఉండగా అధికారం పూనాలోని పీష్వా చేతిలో ఉండేది. జపానులో చక్రవర్తి సింహాసనంపై ఉండగానే షోగున్లు శతాబ్దాల తరబడి పాలించారు. మన హైదరాబాదులో 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ప్రాబల్యం తెలియనిది కాదు. పీష్వాలకు, సాలార్‌జంగ్‌కు ఎంతో ముందే ఇటువంటి స్థానాన్ని ఢిల్లీలో అలంకరించిన మహామంత్రి మన ఓరుగల్లు నుండి వెళ్ళినవాడన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. ఆయనే ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగాని.

ఆయన తొలి పేరును ఆనాటి పారశీక చరిత్రకారుడు షమ్స్-ఎ-సిరాజ్ అఫీఫ్ కన్ను లేక కట్టు అని వ్రాశాడు. ప్రతాపరుద్రుని సేనాని, మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన నాగయ గన్నయయే ఈతడని చరిత్రకారులలో పలువురి అభిప్రాయం. అదే నిజమైతే, తెలుగు కావ్యానికి కృతిభర్త అయినవాడు ఢిల్లీ సామ్రాజ్యానికి వజీరు అయ్యాడన్నమాట. ఇటువంటి జీవితం మన చరిత్రలో మరొకటి కనబడదు.

కాకతీయ ప్రభుత్వం పేరుకు రాచరికమే. అయినా నాయంకర పద్ధతిలో భూములను అనుభవిస్తూ సైన్యాలను పోషించిన నాయకుల బలమే రాజు బలం. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును జయించి ప్రతాపరుద్రుని ఢిల్లీకి పంపగా, ఆ మహారాజు దారిలోనే, నర్మదా తీరాన, కన్నుమూసినట్లు విలస శాసనం వల్ల తెలుస్తున్నది. ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు వచ్చింది. రాజును కోల్పోయిన సేనాని ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడు. ఉలుగ్ ఖాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో 1325లో సుల్తాను కాగా, ఆయన కొలువులో మక్బూల్‌కు ఖివాముల్ముల్క్ బిరుదము, ముల్తాను పాలన, నాయబు వజీరు పదవి లభించాయి. ఓరుగల్లు పాలనకు కూడ ఆయనే వచ్చాడు. కాని కాపయ నాయకుడు తిరుగుబాటు చేయగా నిలువలేక ఢిల్లీ చేరుకున్నాడు. ఒకప్పుడు తాను కొలిచిన రాజుగారి నగరంలోనే ఆయనకు ఎదురైన పరాజయమిది. దానిని గురించి ఆయన ఏమనుకున్నాడో చరిత్ర చెప్పదు.

1351లో సుల్తాను ముహమ్మద్ సింధులోని ఠట్టా సమీపాన మరణించాడు. అక్కడి సైన్యం ఫిరోజ్ షాను సుల్తానుగా ఎన్నుకోగా, ఢిల్లీలో వృద్ధ వజీరు ఖ్వాజా జహాన్ ఒక బాలుని సింహాసనంపై కూర్చుండబెట్టాడు. అప్పుడు మక్బూల్ నగరం విడిచి ఫిరోజ్ పక్షాన చేరాడు. ఆ చేరికతో తూకము ఫిరోజ్ వైపు మొగ్గింది. మక్బూల్ వజీరు అయ్యాడు.

ఈ వజీరుకు చదువను, వ్రాయను రాదని అఫీఫ్ స్పష్టంగా పేర్కొన్నాడు. అయినా ఆదాయవ్యయాల విషయంలో ఆయన బుద్ధిసూక్ష్మతను అదే రచయిత ఎంతో కొనియాడాడు. ఫిరోజ్ బెంగాలుకు, జాజ్‌నగరుకు, నాగర్‌కోటకు, ఠట్టాకు దండయాత్రలు సాగించినన్నాళ్ళు ఢిల్లీ ఈ తెలుగువాని అధీనంలోనే ఉండేది. ఠట్టా దండయాత్రలో సైన్యం కచ్ రణ్‌లో దారితప్పి ఆరు నెలలు జాడ తెలియకపోయింది. సుల్తాను గతించాడన్న వదంతి నగరంలో వ్యాపించింది. ఖజానాను మక్బూల్ తన నివాసానికి తరలించి, ప్రతిదినము సపరివారంగా వీధులలో సంచరించి, చివరకు సుల్తాను క్షేమమని లేఖ వచ్చినట్లు ప్రకటించాడు. ఆ లేఖ కల్పితమే! అయితే ఆ సమయంలో సింహాసనం ఆయనకు ఒక్క అడుగు దూరంలో ఉన్నదని, ఆ అడుగు ఆయన వేయలేదని గమనించాలి. ఢిల్లీకి అసలు పాదుషా ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ చెబుతూ ఉండేవాడట. రాజు అంతమాట అనడం మక్బూల్‌కు గౌరవమే, కాని రాజ్యానికి క్షేమమా?

లెక్కల అధికారి ఐనుల్ముల్క్ మాహ్రూతో కలిగిన వివాదం ఈ ప్రశ్నకు కొంత సమాధానమిస్తుంది. ప్రభుత్వపు లెక్కలను పరిశీలించే అధికారి వజీరుకు లోబడి ఉండాలా, వేరుగా ఉండాలా అన్న సమస్య నేటికీ సజీవమైనదే. ఫిరోజ్ దానిని తేల్చలేదు, తప్పించుకున్నాడు. ఐనుల్ముల్క్‌ను ఆ పదవి నుండి తొలగించి, తరువాత ముల్తానుకు పంపి, అక్కడి లెక్కలు వజీరు కార్యాలయానికి చేరనక్కరలేదని అనుమతించాడు. పరిశీలకుడు వెళ్ళిపోయాడు గనుక, పైన అడిగేవారు లేని పదవి అలాగే మిగిలిపోయింది. ఇంతటి విరోధంలోనూ ఒక మంచి ఘట్టమున్నది. కొందరు సభాసదులు మక్బూల్‌ను పడద్రోయ యత్నించగా, అటువంటి మంత్రిని తొలగించుట రాజ్యానికి చేటని ఐనుల్ముల్కే సుల్తానుకు నచ్చజెప్పాడు. విరోధులిద్దరు ఆలింగనం చేసుకున్నారు.

మక్బూల్ సంపదను గురించి అఫీఫ్ వ్రాసినదంతా ప్రశంసనీయమని చెప్పలేము. ఆయన కుమారుడు ఒక్కొక్కరికి ఏటేటా 11,000 టంకాల భత్యం, అల్లుడు ఒక్కొక్కరికి 15,000 టంకాల భత్యం ఖజానా నుండి ముట్టేవి. నాగలి పట్టిన రైతు శిస్తులోనిదే గదా ఆ ధనం!

హిజ్రీ 770లో, అనగా 1368–69లో మక్బూల్ మరణించగా, వజీరు పదవి కుమారుడైన జూనా షాకు సంక్రమించింది. సింహాసనంలాగే మంత్రి పదవి కూడ వంశపారంపర్యమైంది. జూనా షా ఢిల్లీలో ఖిడ్కీ మసీదును, కలాన్ మసీదును నిర్మించాడు. కాని వృద్ధ సుల్తానుకు, రాకుమారుడు ముహమ్మదుకు నడుమ అనుమానాలు రేపబోయి 1387లో తానే పదవిని, ప్రాణాన్ని పోగొట్టుకున్నాడు. మరుసటి యేడు ఫిరోజ్ మరణించాడు. 1398లో తైమూరు వచ్చేనాటికి ఢిల్లీలో ఆపగలవారెవరూ లేరు.

ఓరుగల్లు కోట చూడబోయే మన విద్యార్థులు కీర్తితోరణాలను, ఖుష్ మహలును చూసి వస్తారు. మక్బూల్ గుర్తు మాత్రం ఇక్కడ లేదు. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ బస్తీలో, ఇళ్ళ మధ్య ఆయన సమాధి ఉన్నది. ఆ నగరంలో అష్టకోణాకృతిలో కట్టిన మొదటి సమాధి భవనం అదేనంటారు. తరువాతి సయ్యదు, లోదీ సుల్తానుల సమాధులకు అదే మాదిరి అయింది. దర్గా జియారత్‌కు వెళ్ళినవారు నాలుగడుగులు వేస్తే చూడవచ్చు.