జంటపేరు – తిరుపతి వేంకట కవులు

ఊరు విడిచి ఎంత దూరము వచ్చినా మన పెద్దలు వెంట తెచ్చుకున్న ఆస్తిలో నాటక పద్యము ఒకటి. తెలుగు అక్షరములు రాని మన పిల్లలు కూడ తాతగారి నోట కృష్ణరాయబారము పద్యములు విని యుందురు. ఆ పద్యములు వ్రాసినది ఒకరు కారు, ఇద్దరు. ఈ ఉగాదికి ఆ జంటలో కడపటివరకు మిగిలిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారిని తలచుకొనుచున్నాము.

వారు 1870లో గోదావరి మండలములోని కడియములో జన్మించినారు. బాల్యము కొంత యానాములో గడచినది. అప్పుడది ఫ్రెంచివారి ఏలుబడి. కనుక యానాము తెలుగువారికి వీరు ఇంటిమనిషి. తరువాత చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద చదువుకొనబోగా అక్కడ దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు కలిసినారు. ఆయనది భీమవరము దగ్గరి యెండగండి, పుట్టినది 1872లో. వాదమునకు దిగితే తిరుపతిశాస్త్రిగారికి ఎదురు లేదు. సభను నవ్వించి మెప్పించు ప్రసంగము వేంకటశాస్త్రిగారి సొత్తు. ఇట్టి ఇద్దరు ఒక్క గురువు వద్ద చేరితే పోటీపడి విడిపోవుటే లోకములో ఎక్కువ. వీరు మాత్రము ఒకరి లోటు ఒకరు పూడ్చుకొన్నారు.

జంటపేరులో రెండేండ్లు చిన్నవాడైన తిరుపతిశాస్త్రిగారి పేరే ముందు నిలిచినది. రెండు పేర్లు కలిస్తే ఏడుకొండలవాని పేరే అయినది. ఇంతకంటె మంచి ముద్ర ఏ కవికి దొరకును?

అవధానములు చేయుచు గద్వాల, ఆత్మకూరు, వేంకటగిరి, విజయనగరము వంటి సంస్థానములు తిరిగినారు. శతావధానములో నూర్గురికి నూరు పద్యములు చెప్పవలెను. చెప్పినవన్నీ చివర ధారణతో అప్పగించవలెను. పైగా ఇద్దరూ మీసములు పెంచినారు! పండితులకు మీసమేమని అడిగినవారికి, సంస్కృతాంధ్రములలో తమను గెలిచినవారుంటే తీసివేయుదుమని పద్యముతోనే బదులు చెప్పినారు. ఆ కాలపు వివాదములలో వీరి మాట ఒక్కొక్కప్పుడు మితిమీరినదని మేమును ఒప్పుకొందుము. కాని పద్యమనగా పండితుల ఇంటి సొమ్మనుకొను రోజులలో దానిని సంతలోని మనిషి నోటికి అందించినది వీరే.

పాండవోద్యోగ విజయములు అందుకు సాక్ష్యము. బందా కనకలింగేశ్వరరావుగారు, పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణవేషము కట్టి ఆ పద్యములు పాడితే జనము తెల్లవార్లు కూర్చుండి వినెడివారు.

వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులుగా పనిచేసినారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగారలు ఆయన శిష్యులు. ఇంతమందికి గురువైన మనిషికి 1920లో పెద్దదెబ్బ తగిలినది. తిరుపతిశాస్త్రిగారు ఏబదియేండ్లయినా నిండకుండ కన్నుమూసినారు.

అప్పటినుండి తన పేరు ఒక్కటే వేసుకొన్నా అడుగువారు లేరు. అయినను వేంకటశాస్త్రిగారు తానొక్కరే వ్రాసిన గ్రంథములను కూడ జంటపేరుతోనే ప్రకటించినారు. కథలు-గాథలు అను తమ జ్ఞాపకములలో మిత్రుని మాటిమాటికి తలచుకొన్నారు. కలిసి పాడినవారిలో ఒకరు పోతే రెండవవారు మౌనము వహించుటయో, కొత్త జతను వెదకుకొనుటయో మనము చూచినదే. ఈయన ఆ రెండును చేయలేదు.

1949లో మద్రాసు ప్రభుత్వము ఆయనను ఆస్థానకవిగా గౌరవించినది. మరుసటి యేడు, 1950లో, మహాశివరాత్రి నాడు ఆయన పరమపదించినారు. అప్పటికి తిరుపతిశాస్త్రిగారు పోయి ముప్పదియేండ్లు కావచ్చినది.