చిత్తు కాగితాల చిత్రకారుడు: కర్ట్ ష్విట్టర్స్

స్కూలు నుంచి వచ్చిన పిల్లల జేబులు తడిమితే ఏం దొరుకుతాయి? చాక్లెట్ కాగితాలు, బస్సు టికెట్లు, ఊడిన గుండీలు. మనం విసుక్కుంటూ చెత్తబుట్టలో వేసేస్తాం. అలాంటి వాటితోనే ఆధునిక చిత్రకళకు కొత్త దారి చూపిన వ్యక్తి కర్ట్ ష్విట్టర్స్.

ఆయన 1887లో జర్మనీలోని హ్యానోవర్‌లో పుట్టారు. డ్రెస్డెన్ అకాడమీలో పద్ధతిగా చిత్రలేఖనం నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేసరికి దేశం చితికిపోయింది. విరిగిన ముక్కలతోనే కొత్తది కట్టాలని ఆయనకు తోచింది. ట్రామ్ టికెట్లు, పత్రికల ముక్కలు, తీగలు, చెక్కపేళ్లు ఏరి తెచ్చి, అతికించి, రంగులు అద్దేవారు. అందులో మనిషో చెట్టో కనిపించనక్కర్లేదు. రంగు పక్కన రంగు, గరుకు పక్కన నునుపు కుదిరితే చాలు. ఒక చిత్రంలో అతికించిన బ్యాంకు ప్రకటనలో 'కొమెర్జ్' అనే మాట తెగి 'మెర్జ్' మిగిలింది. 1919లో తన కళకు ఆ ముక్కనే పేరుగా పెట్టుకున్నారు. తర్వాత ఇంటి గదులనే ఏళ్ల తరబడి 'మెర్జ్‌బౌ' అనే భారీ నిర్మాణంగా మలిచారు.

నాజీ పాలనలో ఇదంతా తలకిందులైంది. 1937 జనవరిలో ఆయన నార్వే వెళ్లిపోయారు. అదే ఏడాది నాజీలు ఆయన చిత్రాలను 'భ్రష్ట కళ' ప్రదర్శనలో పెట్టి ఎగతాళి చేశారు. 1940లో జర్మన్ సైన్యం నార్వేకూ రావడంతో బ్రిటన్ చేరారు. శత్రుదేశస్థుడని ఐల్ ఆఫ్ మ్యాన్ శిబిరంలో నిర్బంధించారు. సామగ్రి కరువైన అక్కడ, మిగిలిపోయిన ఓట్స్ జావతో శిల్పాలు చేశారు! 1943లో బాంబు దాడిలో హ్యానోవర్ ఇల్లు, మెర్జ్‌బౌ నాశనమయ్యాయి. మరుసటి ఏడాది అక్కడే ఉండిపోయిన భార్య హెల్మా కన్నుమూశారు.

చివరి రోజుల్లో ఇంగ్లండ్‌లోని ఆంబుల్‌సైడ్‌లో ముఖచిత్రాలు, ప్రకృతి దృశ్యాలు గీసి పొట్టపోసుకున్నారు. అకాడమీ చదువు అప్పుడు అన్నం పెట్టింది. కానీ అతికించే పని మాత్రం మానలేదు. 1947లో, అరవై ఏళ్ల వయసులో, ఎల్టర్‌వాటర్‌లోని ఒక కొట్టంలో మళ్లీ మొదలుపెట్టారు. గోడ పూర్తికాకుండానే 1948 జనవరి 8న మరణించారు. ఆ గోడ నేడు న్యూకాజిల్‌లోని హాటన్ గ్యాలరీలో భద్రంగా ఉంది.

ఈసారి జేబులు ఖాళీ చేసేముందు మీ చిన్నారికి ఒక అట్టముక్క, కాస్త జిగురు ఇచ్చి చూడండి. ఇదేం బొమ్మ అని అడగకండి. ఈ ముక్క పక్కన ఆ ముక్కే ఎందుకు పెట్టావని అడగండి.