అశోకుడు - అతని కాలపు రాజులు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములకు పడమట, కర్నూలు జిల్లాలో, గుత్తి నుండి పత్తికొండకు పోవు మార్గమున ఎఱ్ఱగుడి అను గ్రామము కలదు. దాని సమీపమునందలి బండలపై 2,200 ఏండ్లకు పూర్వము చెక్కిన అక్షరములు నేటికిని నిలిచియున్నవి. ఆళ్లగడ్డ శిల్పులు ఉలితో రాతిని మలచుట చూచినవారికి ఆ పనియందలి శ్రమ తెలియును. అంత శ్రమతో ఆ శాసనములను చెక్కించినవాడు మౌర్య చక్రవర్తియగు అశోకుడు.

అశోకుడు చంద్రగుప్తుని మనుమడు, బిందుసారుని కుమారుడు. యౌవనమున ఉజ్జయినిలో రాజప్రతినిధిగా నుండెనని బౌద్ధ గ్రంథములు చెప్పుచున్నవి. సుమారు క్రీ.పూ. 268లో పాటలీపుత్రమున అతనికి పట్టాభిషేకము జరిగెను. పిదప ఎనిమిదేండ్లకు, క్రీ.పూ. 261 ప్రాంతమున, అతడు కళింగముపై దండెత్తి జయించెను. ఆ యుద్ధమున లక్షమంది హతులైరి. లక్షయేబదివేలమంది చెరపట్టబడి స్వదేశమునకు దూరమైరి. అంతకు అనేక రెట్లు జనులు పిమ్మట నశించిరి. ఈ లెక్కలు ఓడినవారు వ్రాసినవి కావు. గెలిచిన రాజే తన దుఃఖమును తెలుపుచు చెక్కించినవి.

ఆ దినములలో లోకమంతటను యుద్ధములే. క్రీ.పూ. 264 మొదలు 241 వరకు రోము, కార్తేజి నగరములు సిసిలీ ద్వీపమునకై పోరాడెను. క్రీ.పూ. 260లో చీనాదేశమున చిన్ రాజ్యపు సేనలు చావ్ రాజ్యమును ఓడించి, లొంగిన సైనికులను లక్షలుగా చంపెనని చీనా చరిత్రకారులు వ్రాసిరి. సిరియా, ఈజిప్టు రాజులు ఒకరితో నొకరు కలహించుచుండిరి. అట్టి కాలమున గెలుపును చూచి వగచిన రాజు అశోకుడు.

శాసనములలో పదుమూడవదానియందు అశోకుడు సమకాలికులైన ఐదుగురు యవన రాజులను పేర్కొనెను. వారు సిరియా రాజు ఆంటియోకసు, ఈజిప్టు రాజు టాలెమీ, మాసిడోనియా రాజు ఆంటిగొనసు, ఆఫ్రికా ఉత్తర తీరమందలి సైరీను రాజు మాగసు, అలెగ్జాండరు. ఈ చివరివాడు దిగ్విజయము చేసిన అలెగ్జాండరు కాడు, ఆ పేరుగల మఱొక రాజు. ఆంటియోకసు తాతయగు సెల్యూకసు, అశోకుని తాతయగు చంద్రగుప్తుడు తొలుత శత్రువులై, పిదప సంధి చేసికొని, ఐదువందల ఏనుగులతో మైత్రిని నిలుపుకొనిరి. మనుమలనాటికి పోయినవి సేనలు కావు, ధర్మమును బోధించు దూతలు. ఆ శాసనముననే ఆంధ్రుల పేరును కలదు.

అశోకుడు బాటల ప్రక్కన చెట్లు నాటించెను, బావులు త్రవ్వించెను. మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పరచి, మూలికలు లేనిచోట తెప్పించి నాటించెను. పరమతమును దూషింపవలదని బోధించెను. తల్లిదండ్రులను, గురువులను సేవింపవలెనని ఎఱ్ఱగుడి చిన్న శాసనములందు కలదు. ఆ చిన్న శాసనములలో కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు చెక్కబడియుండుట వింత.

అయినను అశోకుడు కళింగమును తిరిగి యీయలేదు. అడవి జాతులకు, పశ్చాత్తప్తుడైనను తనకు దండించు శక్తి కలదని హెచ్చరిక చేసెను. కళింగమందలి ధౌళి, జౌగడ బండలపై ఈ పదుమూడవ శాసనము చెక్కబడలేదు. దానికి బదులు, ప్రజలు తనకు బిడ్డలవంటివారనియు, నిర్దోషులను బంధింపరాదనియు అధికారులకు ఆజ్ఞలు చెక్కబడినవి. గాయపడినవారి యెదుట ఆ గాయమును లెక్కింప అతనికి మనసు రాలేదేమో!

సుమారు క్రీ.పూ. 232లో అశోకుడు మరణించెను. తరువాత ఏబదియేండ్లలోపుననే మౌర్య సామ్రాజ్యము అంతరించెను. ఆ లిపిని చదువువారే లేకపోయిరి. క్రీ.శ. 1837లో జేమ్సు ప్రిన్సెపు బ్రాహ్మీ లిపిని చదివినపిమ్మట ఆ బండలు మరల మాటలాడెను. తన కాలపు రాజులు గెలుపులను చాటుకొనగా, అశోకుడు తన గెలుపు తెచ్చిన దుఃఖమును రాతిపై నిలిపెను. అతనిని నేటికిని లోకము స్మరించుట అందువలననే.