ఖోల్వాడ్ మూలాల యూసుఫ్ దాదూ: సగం ఓటును తిరస్కరించిన వైద్యుడు

గుజరాత్‌లో సూరత్ సమీపాన ఖోల్వాడ్ అనే గ్రామం ఉంది. అక్కడి నుంచి వ్యాపారం కోసం దక్షిణాఫ్రికాకు వలస వెళ్లిన కుటుంబంలో యూసుఫ్ దాదూ 1909 సెప్టెంబరు 5న క్రూగర్స్‌డార్ప్‌లో జన్మించారు.

తండ్రి దుకాణదారు. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసులు స్థిరాస్తి కలిగి ఉండరాదని 1885 నాటి చట్టం శాసించడంతో, ఆయన కంపెనీ పేరిట స్థలం కొన్నారు. పురపాలక సంఘం న్యాయస్థానానికి వెళ్లింది. వాటాదారులు భారతీయులైనంత మాత్రాన కంపెనీ ఆసియావాసి కాబోదని 1920లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది. కంపెనీ చట్టం చదివేవారికి ఆ తీర్పు నేటికీ సుపరిచితమే. అయితే ఆ వెసులుబాటు ఇకముందు ఎవరికీ దక్కకుండా చట్టసభ 1919లోనే తలుపు మూసింది. ఓటు లేనివారు న్యాయస్థానంలో గెలిచినా ఫలితం అంతే.

ఎడిన్‌బరోలో వైద్యవిద్య ముగించిన దాదూ 1936లో స్వదేశం చేరారు. 1945లో ట్రాన్స్‌వాల్ ఇండియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు.

మరుసటి ఏడాది స్మట్స్ ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ నివసించవచ్చో అది నిర్ణయించింది. బదులుగా పరిమిత ఓటు హక్కు ఇవ్వజూపింది. ఆ ఓటుతో పార్లమెంటుకు పంపగలిగేది తెల్లవారినే. నటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన తెలుగు, తమిళ కుటుంబాల వారసులకూ, సూరత్ వర్తకుల బిడ్డలకూ ఈ షరతు ఒక్కటే. పార్లమెంటులో గొంతే లేనివారికి అది చిన్న ఆశ కాదు. అయినా దాదూ, నటాల్ నేత డాక్టర్ నాయికర్ దానిని తిరస్కరించి సత్యాగ్రహానికి దిగారు. రెండేళ్లలో దాదాపు 2,000 మంది జైలుకెళ్లారు. దాదూ కూడా శిక్ష అనుభవించారు. భారత్ ఈ వివాదాన్ని ఐక్యరాజ్యసమితి ముందుంచింది.

1947 మార్చి 9న ఈ ఇద్దరూ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జూమాతో కలిసి అందరికీ సంపూర్ణ ఓటు హక్కు కోరుతూ ఒప్పందం చేసుకున్నారు. ముగ్గురూ వైద్యులే. వీధుల్లో ఆ ఐక్యత అంత సులువుగా కుదరలేదు. 1949 జనవరిలో డర్బన్‌లో ఆఫ్రికన్లు, భారతీయుల మధ్య చెలరేగిన అల్లర్లలో 142 మంది మరణించారు. అయినా దాదూ వెనుదిరగలేదు. 1952లో ఇరు కాంగ్రెస్‌లూ ఉమ్మడిగా శాసనోల్లంఘన సాగించాయి.

1960లో దేశం విడిచిన దాదూ 1983 సెప్టెంబరు 19న లండన్‌లో కన్నుమూశారు. కొద్ది వారాలకే తెల్లవారి ప్రజాభిప్రాయ సేకరణ మూడు సభల పార్లమెంటును ఆమోదించింది. భారతీయులకు అందులో ప్రత్యేక సభ దక్కింది, నల్లజాతి మెజారిటీకి ఏదీ లేదు. 1984 ఆగస్టులో ఆ సభకు జరిగిన ఎన్నికలో నమోదైన భారతీయ ఓటర్లలో ఓటు వేసినవారు సుమారు ఐదోవంతే.