రక్త క్యాన్సర్‌పై తొలి అస్త్రం భీమవరం బిడ్డదే
- పాలకూర విటమిన్ నుంచి ప్రాణరక్షక ఔషధం
- వైద్య చరిత్రలో ఎల్లాప్రగడ సుబ్బారావు చెరగని ముద్ర

భీమవరం: ఒకప్పుడు రక్త క్యాన్సర్ సోకిన పసిపిల్లలకు వైద్యమే లేదు. వ్యాధి బయటపడిన కొద్ది వారాల్లో, నెలల్లో ప్రాణాలు పోయేవి. ఆ వ్యాధిని తొలిసారి వెనుకంజ వేయించిన ఔషధం రూపుదిద్దుకున్నది నేటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోనే.

పేదరికంలో విద్యాభ్యాసం

సుబ్బారావు 1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించారు. బాల్యంలో డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి కాశీకి బయలుదేరగా తల్లి వెనక్కి రప్పించి తిరిగి చదువులో పెట్టారు. మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కిన ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలోను, ఆపై వైద్య కళాశాలలోను చదివారు. గాంధీజీ పిలుపుతో ఖద్దరు ధరించడం ఆచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది.

అన్నదమ్ములను బలిగొన్న వ్యాధి

స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొంది. ఆహారం ఒంటబట్టక, రక్తం క్షీణించి రోగి కృశించిపోయే వ్యాధి అది. సుబ్బారావుకు సైతం ఆ జబ్బు సోకగా డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. అనంతరం మద్రాసులో ఆయుర్వేద కళాశాలలోనే అధ్యాపకునిగా పనిచేశారు. ఆ వ్యాధికి మూలమేమిటో తేల్చాలన్న సంకల్పం ఆయనను విడువలేదు. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండతో 1920ల తొలినాళ్ళలో అమెరికా చేరారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచే కొలువు. అంతటి కష్టంలోనూ పరిశోధన ఆగలేదు. సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆపై కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పదార్థాలను వెలుగులోకి తెచ్చారు. అయినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలో చేరారు.

ఆకులో దొరికిన ఆధారం

1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు 4 టన్నుల పాలకూర నుంచి ఒక విటమిన్‌ను అతి స్వల్ప పరిమాణంలో వేరుచేశారు. లాటిన్‌లో ఆకును సూచించే పదం నుంచే దానికి ఫోలిక్ ఆమ్లమనే పేరు వచ్చింది. సుబ్బారావు బృందం కాలేయం, సూక్ష్మజీవుల నుంచి దానిని రాబట్టి, నిర్మాణాన్ని ఛేదించి, 1945 నాటికి కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు, ఒక రకం రక్తహీనతకు అది మందుగా నిలిచింది.

అయితే బోస్టన్ బాలల ఆసుపత్రి వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఫోలిక్ ఆమ్ల సంబంధిత మందులను రక్త క్యాన్సర్ పిల్లలకు వాడి చూడగా వ్యాధి మరింత ముదిరినట్లు కనిపించింది. అలాగైతే ఆ విటమిన్‌ను అడ్డుకుంటే వ్యాధి తగ్గాలి కదా అన్న ఆలోచన పుట్టింది. సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను అందించింది. చూపులకు ధాన్యంలాగే ఉన్నా తాలు గింజ మొలకెత్తదు. ఇదీ అంతే. కణం దీనిని విటమిన్‌గా భ్రమించి స్వీకరిస్తుంది. దాంతో లోపలి యంత్రాంగం స్తంభించి కణ విభజన నిలిచిపోతుంది.

ఈ మందు వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఊరట తాత్కాలికమే. కానీ మందుతో రక్త క్యాన్సర్‌ను లొంగదీయవచ్చని ప్రపంచానికి తెలిసింది.

తిరిగిరాని పయనం

గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి నేటికీ పంచుతున్న డి.ఇ.సి. మాత్ర, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన నేతృత్వంలోని పరిశోధనల ఫలితాలే. ఫార్బర్ ప్రకటన వెలువడిన 2 నెలలకే, 1948 ఆగస్టు 8న సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. స్వదేశానికి తిరిగి రాలేదు. నోబెల్ బహుమతి దక్కలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

అమినోప్టెరిన్ స్థానంలో వచ్చిన దాని సోదర ఔషధం మెథోట్రెక్సేట్ నేటికీ రక్త క్యాన్సర్ చికిత్సలో, కీళ్ళవాతంలో వాడుకలో ఉంది. మంచి వైద్యం అందుబాటులో ఉన్న దేశాల్లో లింఫోబ్లాస్టిక్ రకం రక్త క్యాన్సర్ సోకిన పిల్లల్లో ప్రతి 10 మందికి 8 మందికి పైగా కోలుకుంటున్నారు. ఆ చికిత్సలో ఇతర మందులతో పాటు భీమవరం వాసి కృషి ఫలమూ ఉంది.